చలిమంట గూడు

బందరు కాలవ గట్టున, లాకులకు కాస్త ఎగువన
మెరక మీద ఒక కట్టడం. డోరు నంబరు లేదు.
రోడ్డు వెడల్పు కొలతలకని
టేపు ఈ కొస నేనూ, ఆ కొస యేసురత్నమూ పట్టుకుని వెళ్లాం.
తాళం తీసినవాడు మీరావలీ,
పాత ఇనప సామాను ఆసామి.
"దొరల సారాకొట్టండీ" అన్నాడు
వాళ్ల ముత్తాత కట్టించినంత ధీమాగా.

ముందు గోడకి రెండు తలుపులు,
పక్కపక్కనే, జానెడు ఎడంలో.
ఎడమది టేకు. ఇత్తడి పిడి, అద్దం మీద చెక్కిన ద్రాక్షగుత్తులు.
కుడిది ఉత్త తుమ్మచెక్క.
ఇంజినీరు దొరకి ఒకటి,
పడవ దిగిన సోల్జరుకీ లాకు ఓవర్సీరుకీ ఇంకోటి.
తీరా లోపల గది ఒక్కటే, నడుమ నిలువెత్తు చెక్క అడ్డం.
అవతలివాడి గ్లాసు చప్పుడు వినపడొచ్చు,
మొహం కనపడకూడదు.
"వీళ్లకీ ఉన్నాయన్నమాట" అన్నాడు యేసురత్నం.
ఏమున్నాయని నేనడగలేదు.
పదహారడుగుల నాలుగంగుళాలు. రాసుకున్నాను.

బోర్డు ఇంకా వేలాడుతోంది తుప్పు కొక్కేనికి.
ఎర్ర సింహాన్ని వెయ్యమన్నారట.
వేసినవాడు పల్లకీలకి రంగులద్దే మనిషి,
సింహాన్ని గుడి స్తంభం మీద తప్ప ఎరగడు.
అందుకే దానికి ఉరిమే గుడ్లూ, మెలితిరిగిన మీసమూ,
మెడలో మువ్వల పట్టెడా.
లండను నించి ఓడెక్కి వచ్చిన దాహమంతా
ఆ మీసం కిందే తలవంచి లోపలికి నడిచింది.

ఉత్తరపు గోడలో పొయ్యి.
వంటపొయ్యి కాదు, చలిమంట గూడు.
నల్లరాతి చట్రం, పైన పొగగొట్టం,
కప్పు దాటి తొమ్మిదడుగులు.
రోహిణి కార్తెలో రోళ్లు పగిలే బెజవాడలో!
కాగితం మీద ఉంది కాబట్టి కట్టారు.
ఆ కాగితం గీసినవాడి కిటికీ అవతల
మంచు కురుస్తూ ఉండుంటుంది.
కట్టిన మేస్త్రీ మాత్రం దేవుడి గూడనుకున్నాడు కాబోలు,
తడి సున్నంలో మూడు వేళ్లతో నామం గీశాడు.
తల లోపలికి పెట్టి పైకి చూశాను.
మసి లేదు. ఒక్క చారైనా లేదు.
ఎప్పుడూ ఊపిరి వదలని గొంతు.
చివర్న రూపాయి బిళ్లంత ఆకాశం,
దాంట్లోంచి కాలవ గాలి దిగుతోంది.

మీరావలీ ఆ గూట్లో కూజా పెట్టుకున్నాడు.
వాళ్ల నాన్నా అక్కడే పెట్టాడట.
అంతకుముందు బట్లరూ అక్కడే పెట్టి ఉంటాడు,
ఇంత కొట్టులోనూ నీళ్లు చల్లబడే చోటు
నిప్పుకని కట్టిన ఆ ఒక్కటే.

టేపు అవతలి కొస ఎంతకీ కదలదు.
వెళ్లి చూస్తే పెరటిగోడ దగ్గర నిలబడిపోయాడు యేసురత్నం.
మూడోది అక్కడుంది. తలుపు కాదు, కిటికీ అనలేం.
బొడ్డెత్తున ఒక చెయ్యి పట్టేంత కంత.
ఆనకట్టకి రాయి మోసినవాళ్లు, కాలవలో మట్టి తీసినవాళ్లు
ముంత లోపలికిచ్చి, ముంత బయటికి తీసుకున్న చోటు.
లోపలి బల్ల మీద మోచేతుల గుంటలున్నాయి గాని
వేలితో తడిమితే తప్ప తెలియవు.
కంత కింది రాయి
దోసిలిలా అరిగిపోయి ఉంది.
వాన పడ్డప్పుడు పిచికలు తాగుతాయట అందులో.
యేసురత్నం మోచెయ్యి ఆనించాడు.
సరిపోయింది.
వెంటనే తీసేశాడు.

"కొలవనా సార్?"
"కొలువు."
"లోతు కూడానా?"
ఫారంలో లోతుకి గడి లేదు.
అంచు మీద రాశాను: రెండుంపావు అంగుళాలు.

టేకు తలుపుకి బేరం కుదిరిపోయిందట, ఎవరో హోటలు ఆయన.
సింహాన్ని కూడా అడిగి వెళ్లారట.
పొగగొట్టం ఇటక లెక్కన పోతుంది.
కంత రాయి సంగతి ఎవరూ ఎత్తలేదు,
మీరావలీ కూడా ఎత్తలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. కూజా వంచాడు.
యేసురత్నం గ్లాసందుకుని
ద్రాక్షగుత్తుల తలుపు తోసుకుని వెళ్లి
గడప మీద కూర్చుని తాగాడు, నింపాదిగా.
ఇంకా కప్పు ఎత్తు కొలవాలి.
నిచ్చెన ఎవరు తెస్తారో.